అమ్మ ఈసారి పిలవలేదు
ఆరో క్లాసులో గొంతు నొప్పొచ్చింది, అదే పోతుందిలే అనుకున్నాం, తర్వాత మోకాళ్లు వాచాయి, చూస్తే రుమాటిక్ ఫీవర్, గుండె వాల్వ్ మీద కూడా పడిందన్నారు. అప్పట్నుంచి 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్. ఆ నొప్పి ఓర్చుకున్నా గానీ ఇంట్లోవాళ్ల భయాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయేదాన్ని... ఆటల పీరియడ్ వద్దు, సింహాచలం మెట్లెక్కొద్దు, ఆర్కే బీచ్‌కెళ్తే అందరూ నీళ్లలో, నేనేమో నాన్న చెయ్యి పట్టుకుని గట్టు మీద. రాత్రిళ్లు అమ్మ లేచొచ్చి నా గుండె మీద చెయ్యి పెట్టి చూసేది, నేను కళ్లు మూసుకునే ఉండేదాన్ని. చాలా కోపమొచ్చేది, నిజంగా.

ఇవాళ ఎకో, అదే గుండె స్కాన్, తీశారు, వాల్వ్ లీకేజీ పెరగలేదట. సాయంత్రం బీచ్‌కెళ్లి మోకాళ్ల దాకా దిగా, అమ్మ ఒడ్డున నా చెప్పులు పట్టుకుని నిల్చుంది, వెనక్కి రమ్మని ఒక్కసారి కూడా పిలవలేదు.