సాలన్‌కు సరిపోయిన సీసా

కాకినాడ నుంచి గౌతమిలో లింగంపల్లి దిగి, మియాపూర్‌లో అక్కావాళ్లింట్లో మూడు రోజులున్నాను. శనివారం రాత్రికి బావ బిర్యానీ తెప్పిస్తానన్నాడు, వైన్ నేను తెస్తానన్నాను. వెయ్యి రూపాయలు దాటకూడదనుకున్నాను.

దగ్గర్లో మూడు షాపులున్నాయి. మూడింటి మీదా పెద్దక్షరాలతో 'వైన్స్' అనే ఉంది. లోపల చూస్తే విస్కీ, బ్రాందీ, బీరు. మూడో షాపులో రెండు రెడ్ వైన్ సీసాలు పై అరలో, సాయంత్రపు ఎండ సూటిగా పడేచోట నిలబెట్టి ఉన్నాయి. దుమ్ము తుడిచి పట్టుకుంటే గాజు వెచ్చగా తగిలింది. అలా నెలల తరబడి వేడికి ఉన్న వైన్‌లో తాజాదనం పోయి ఉడికిన పండు రుచి వస్తుంది. అయినా పూర్తి ధరే అడిగారు. కోపమొచ్చింది.

జూబ్లీహిల్స్ దాకా ఆటోలో వెళ్లాను. మీటరు వేయనన్నాడు, 350 తీసుకున్నాడు. పోయేది పోయినా, అక్కడి షాపు చల్లగా ఉంది, సీసాలు పడుకోబెట్టి ఉన్నాయి. నేను రెడ్ వైపు చూస్తుంటే కుర్రాడొచ్చి, "ఏం తింటరన్నా దీంతోని?" అన్నాడు. బడ్జెట్ ఎంతని కాకుండా తిండి గురించి అడిగాడు! బిర్యానీ, మిర్చీ కా సాలన్ అని చెప్పాను. "అయితే రెడ్ వద్దు, నోరు ఇంకా మండుతది. ఇది సల్లగ చేస్కొని తాగుండ్రి" అని నాసిక్ చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ చేతిలో పెట్టాడు. అయినా మనసొప్పక నంది కొండల రెడ్ ఒకటి, 375 మి.లీ. సీసా, కలిపి తీసుకున్నాను. లెక్క వెయ్యి దాటింది.

ఫ్రిజ్‌లో పెడితే ఆలస్యమని బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి చెనిన్ సీసాను మెడ దాకా ముంచాం. ఇరవై నిమిషాలకు తీస్తే సీసా అంతా చెమట పట్టింది.

ముందు రెడ్డే పోశాను. కుర్రాడు చెప్పింది నిజమే. దాని వగరు, ఆల్కహాలు మిర్చి కారాన్ని ఎగదోశాయి, చింతపండు పులుపు ముందు పండు రుచే తెలియలేదు. తర్వాత చెనిన్. దాని పులుపు సాలన్ పులుపుకు దీటుగా నిలిచింది, చివర్లో తగిలే కాస్త తీపి కారాన్ని దించింది. పల్లీలు, నువ్వుల జిడ్డు నాలుక మీద నుంచి కడిగినట్టు పోయింది. మామిడికాయ వేసి అమ్మ వండే చేపల పులుసు గుర్తొచ్చింది. దానికీ ఇదే కావాలి, ఇన్నాళ్లూ తోచలేదు.

అక్క మామగారు గ్లాసు ముట్టలేదు గానీ పక్కనే కూర్చున్నారు. ఒకప్పుడు ఈ ఊరి చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలుండేవని, గుత్తులు రెండు చేతుల్తో పట్టుకోవాల్సి వచ్చేదని చాలాసేపు చెప్పారు. అది తినే ద్రాక్షే, వైన్‌ది కాదు. అయినా ఆ తోటలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయంటే దిగులేసింది.

మిగిలిన రెడ్‌ను మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు కాసేపు ముందు బయటపెట్టి, వేడి రాతి మీద కాల్చిన మాంసం పత్థర్ కా గోష్త్‌తో తాగాం. అందులో మిరియాల ఘాటే గానీ చింతపండు లేదు. ముందురోజు నోరు మండించిన ఆ వగరే మాంసం కొవ్వుకు సరిగ్గా కుదిరింది. రాత్రి వాసన చూసి పక్కన పెట్టేసిన అక్క కూడా ఒక గుక్క తాగి, "ఇది బాగుందిరా" అంటూ ఇంకో ముక్క వేసుకుంది.