ఒక్క స్క్రూతో విడిపోయే రైఫిల్: పాత మార్లిన్ 336 మరమ్మతు

కింది పిడిని (లీవర్) లాగి మూస్తే తూటా ఎక్కే పాత లీవర్ రైఫిల్ మొరాయించడం మొదలుపెట్టగానే అది అరిగిపోయిందని తీర్మానించి మూలన పెట్టేసేవారే ఎక్కువ. నేను చూసినంతలో అరుగుదల కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏళ్ల తరబడి లోపల పేరుకుని, లక్కలా గట్టిపడిపోయిన నూనె. టెక్సాస్‌లో ఒక పశువుల రైతు దగ్గర నేను కొన్న మార్లిన్ 336 సంగతీ అంతే. 1950ల చివర్లో తయారైన ఈ రైఫిల్‌లో లీవర్ మూసుకునేటప్పుడు చివరి అంగుళం దగ్గర బిగిసిపోయేది, పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి ఎగరకుండా లోపలే పడి ఉండేది, ఆరు తూటాలు పట్టవలసిన మేగజైన్ గొట్టం నాలుగుకే నిండినట్టు అడ్డం తిరిగేది.

దీని వంశం 1893 నాటి మార్లిన్ మోడల్‌తో మొదలై, 1936లో కొత్త రూపు దిద్దుకుని, 1948లో 336గా స్థిరపడింది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 పేరు ప్రఖ్యాతులు దీనికి లేకపోవచ్చు గానీ, బాగుచేసుకునేవాడి కోణం నుంచి చూస్తే నా ఓటు మార్లిన్‌కే. పాత వించెస్టర్ ఖాళీ తొడుగును పైకి విసురుతుంది; మార్లిన్ రిసీవర్ (యంత్రభాగాలు ఇమిడే ఇనుప పెట్టె) పైభాగం మూసి ఉండి, తొడుగు కుడి పక్క నుంచి బయటపడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, లీవర్‌ను పట్టి ఉంచే ఒక్క స్క్రూ తీస్తే లీవర్ కిందికి ఊడి వస్తుంది, తూటా వెనుక తలుపులా మూసుకునే బోల్ట్ వెనక్కి జారి చేతిలోకి వస్తుంది, ఖాళీ తొడుగును బయటికి విసిరే ఎజెక్టర్ దానంతట అదే వదులవుతుంది. బుల్లెట్ వెళ్లే బ్యారెల్‌ను వెనుక నుంచి శుభ్రం చేసుకోవచ్చు కాబట్టి మూతి అంచు గీసుకుపోయే భయం తగ్గుతుంది.

ఆ స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే మొన ఉన్న స్క్రూడ్రైవర్ వాడాలి. ఇంట్లో ఉండే మామూలు స్క్రూడ్రైవర్ల మొన చివరికి సన్నబడుతుంది కనుక గాడిలోంచి జారి అంచులు చెక్కేస్తుంది. పాత రైఫిళ్ల మీద కనిపించే గాయాల్లో సగం అలా అయినవే. బోల్ట్ బయటికి తీసి చూస్తే, కింది నుంచి పైకి లేచి బోల్ట్‌ను బిగించే లాకింగ్ బోల్ట్ తిరిగే దారి నిండా తేనె రంగు జిగురు. లీవర్ చివరి అంగుళంలో బిగుసుకోవడానికి కారణం అదే. ద్రావకంలో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో రుద్ది తుడిచాక, ఆ ముక్క తన బరువుకే జారడం మొదలుపెట్టింది.

ఈ రైఫిల్‌లో నాకు బాగా నచ్చిన పనితనం, తూటాను వెనుక నుంచి పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్‌లో ఉంది. అది రెండు ముక్కలు. లాకింగ్ బోల్ట్ పూర్తిగా పైకి లేచేదాకా వెనుక ముక్క స్ప్రింగ్ ఒత్తిడికి కిందికి వాలి, ముందు ముక్కతో సూటిగా కలవదు. కాబట్టి లీవర్ సరిగా మూసుకోకుండా, పిన్‌ను కొట్టే హ్యామర్ పడినా దెబ్బ తూటా దాకా వెళ్లదు. ఆ ముక్కను వేలితో నొక్కి వదిలినప్పుడల్లా అది మళ్లీ వాలిపోవడం చూసి, ఆనాటి ఇంజనీర్ల జాగ్రత్తకు మనస్ఫూర్తిగా దండం పెట్టాలనిపించింది.

ఎజెక్టర్‌కు అతికించి ఉండే చిన్న రేకు స్ప్రింగ్ విరిగి ఉంది. ఎజెక్టర్ మొత్తాన్నే మార్చాను. మేగజైన్ స్ప్రింగ్ తుప్పు పట్టి ముడుచుకుపోయింది. దాన్నీ మార్చి, గొట్టం లోపల శుభ్రం చేసి, నూనె మాత్రం పలచగానే రాశాను. హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కూ తూటా ఆనే చోటుకూ మధ్య ఉండే ఖాళీ విషయంలో ఊహలకు తావు లేదు. ఈ రైఫిల్ వాడే .30-30 రకం తూటా తన అడుగున ఉన్న అంచు మీద ఆనుతుంది. ఆ ఖాళీ ఎంత ఉందో గేజ్‌లతో కొలిపించుకుని, తుపాకుల మెకానిక్ సరేనన్నాకే తూటాలు కొన్నాను.

ఆ తూటాల మొన చదునుగా ఉండాలి. గొట్టపు మేగజైన్‌లో ఒకదాని మొన ముందున్న దాని ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే నిప్పు రాజేసే అడుగు బిళ్లకు) ఆని ఉంటుంది కాబట్టి, లోహపు సూది మొన ఉన్న బుల్లెట్ తుపాకీ అదిరినప్పుడు ముందున్న తూటాను లోపలే పేల్చేయగలదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట: హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

రేంజ్‌లో 150 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్లతో ముందు 50 గజాల దగ్గర, తర్వాత 100 గజాల దగ్గర కాల్చాను. లీవర్ కిందికి లాగగానే తొడుగు కుడివైపు చక్కగా ఎగిరిపడుతోంది, వెనక్కి మూస్తే ఎక్కడా ఆగడం లేదు. తూటాలు గుంపుగానే పడ్డాయి గానీ గురికి ఎడమన పడుతున్నాయి. గురి చూసే వెనుక సైట్‌ను ఇత్తడి పుల్లతో మెల్లగా తట్టి కుడికి జరిపాను, ఎందుకంటే బుల్లెట్ ఎటు వెళ్లాలో వెనుక సైట్‌నూ అటే జరపాలి. ఆ తర్వాత 100 గజాల దగ్గర కాగితం మీది రంధ్రాలన్నీ నా అరచేతి కింద కప్పబడిపోయాయి. ఇనుప సైట్లతో, నా కళ్లతో, ఇంతకన్నా అడగడం అత్యాశ. వాల్‌నట్ కట్టె మీది గీతలను గీకి పాలిష్ పెట్టే ఉద్దేశం నాకు లేదు. లిన్సీడ్ నూనె మాత్రం చేత్తో పలచగా పట్టించి ఆరనిస్తున్నాను.