గోడ మీద షార్లెట్ పేరు

అమెరికాలో, రోచెస్టర్‌లో ఉంటున్న మా అమ్మాయి నయాగరా తీసుకెళ్తానంది. ముందు సెనెకా ఫాల్స్ వెళ్దామే అన్నాను. కారులో గంట ప్రయాణం.

చిన్న ఊరు. రోడ్డు పక్కనే వెస్లియన్ చాపెల్ అనే చర్చి, మామూలు ఇటుకల కట్టడం. 1848 జులై 19న ఎలిజబెత్ కేడీ స్టాంటన్, లుక్రీషియా మాట్ మరికొందరితో కలిసి మహిళా హక్కుల సభ పెట్టింది ఇక్కడే. తీరా ఆ పొద్దున వాళ్లు వచ్చి చూస్తే తలుపుకి తాళం! స్టాంటన్ అక్క కొడుకుని కిటికీలోంచి లోపలికి దింపి తలుపు తీయించారట. రెండు రోజుల్లో సుమారు 300 మంది వచ్చారు. మిగతా తీర్మానాలన్నిటికీ అందరూ సరేనన్నారు. ఓటు హక్కు దగ్గరే పేచీ వచ్చింది. నవ్వులపాలవుతామేమోనని మాట్ కూడా జంకింది. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ లేచి గట్టిగా మాట్లాడాకే ఆ తీర్మానం గట్టెక్కింది.

అలాంటి చోటు తర్వాత్తర్వాత సినిమా హాలు అయింది, కార్ల షాపు అయింది, చివరికి బట్టలుతికే లాండ్రీ అయింది. పాత ఇటుకలు అక్కడక్కడే మిగిలాయి. చూస్తుంటే మనసు చివుక్కుమంది.

బయట పొడుగాటి రాతి గోడ, దాని మీదుగా పల్చగా జారే నీళ్లు. ఆ నీళ్ల కింద నాటి సభలో చదివిన హక్కుల ప్రకటన, దానికి సంతకాలు చేసిన 100 మంది పేర్లు చెక్కి ఉన్నాయి. ఆడవాళ్లు 68 మంది, మగవాళ్లు 32 మంది. నేను వెతుక్కున్న పేరు షార్లెట్ వుడ్‌వర్డ్. ఇంట్లో కూర్చుని కూలికి చేతి తొడుగులు కుట్టిన పిల్ల. సంతకం పెట్టేనాటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. 1920 ఆగస్టులో ఆడవాళ్లకి ఓటు హక్కు ఇచ్చిన 19వ రాజ్యాంగ సవరణ వచ్చేనాటికి సంతకం చేసిన ఆడవాళ్లలో బతికున్నది ఆమె ఒక్కతే. నవంబరులో ఎన్నికలు వచ్చాయి. అప్పటికి ఆమె జబ్బుపడి ఉంది, ఓటు వేయలేకపోయింది. 72 ఏళ్లు ఎదురుచూసిన మనిషి! చల్లటి నీళ్లలో ఆ అక్షరాల మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాను.

ఆ సవరణతో అందరికీ ఓటు అందిందా అంటే అదీ లేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఆడవాళ్లు 1965 ఓటు హక్కు చట్టం దాకా కొట్లాడాల్సి వచ్చింది. ఇది చెప్పకపోతే ఈ కథ సగమే.

తిరుగు ప్రయాణంలో రోచెస్టర్ మౌంట్ హోప్ శ్మశానంలో, ఆడవాళ్ల ఓటు కోసం పోరాడిన సుసాన్ బి. ఆంథొనీ సమాధి దగ్గర ఆగాం. 1872లో ఓటు వేసినందుకు ఆమెను అరెస్టు చేశారు, 100 డాలర్ల జరిమానా వేశారు. ఆమె చచ్చేదాకా కట్టలేదు. చిన్న తెల్లరాయి. ఓటేసి వచ్చిన ఆడవాళ్లు "నేను ఓటు వేశాను" అనే స్టిక్కర్లు తెచ్చి ఆ సమాధి దగ్గర అంటిస్తుంటారు.

అమ్మాయికి పోయినేడే సిటిజన్‌షిప్ వచ్చింది. ఉద్యోగం, పిల్లల హడావుడిలో ఓటరుగా పేరు రాయించుకోనే లేదు. కారెక్కాక సీట్ బెల్టు కూడా పెట్టుకోకుండా ఫోన్ తీసింది. "ఉండమ్మా, ఆ ఫారం ఇప్పుడే నింపేస్తా."