ఊరమిరపకాయలు పెడదామని రెండు కిలోలు తెచ్చేశా

పోయిన వేసవిలో కూకట్‌పల్లి రైతుబజార్‌లో చీకటిపడే టైముకి పచ్చిమిర్చి చవగ్గా ఇచ్చేస్తున్నారని రెండు కిలోలు తెచ్చేశా, ఊరమిరపకాయలు పెడదామని. మా ఆవిడ వాళ్ళ వైపు చల్ల మిరపకాయలు అంటారు. ఇంటికొచ్చి వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే "ఒరేయ్, అవి కూరల్లోకి వేసే సన్నకాయలు రా, ఊరబెడితే ఎవరు తింటారు, పొట్టిగా లావుగా ఉండేవి తేవాలి" అంది. ఇద్దరం ఉండే ఇంట్లో రెండు కిలోల సన్నకాయలు ఏం చేసుకోవాలి మరి.

ఆ రోజు బద్ధకించి కవర్‌తో సహా ఫ్రిజ్‌లో పడేశా. నాలుగో రోజు తీసి చూస్తే కవర్ లోపలంతా చెమ్మ, అడుగున ఓ పావుకిలో జిగురుజిగురుగా అయిపోయాయి, ఇక ఆ వాసన సంగతి అడక్కండి. కుళ్ళినవి ఏరేసి, మంచివాటికి తొడిమలు తుంచేసి (కుళ్ళు ముందు అక్కడే పట్టింది), ఫ్యాన్ కింద ఆరబెట్టి, డబ్బాలో కిందొక టిష్యూ పైనొక టిష్యూ వేసి పెట్టా. కడగలేదు, వాడే ముందు కడుక్కుంటే చాలు. అలా పెట్టినవి మూడు వారాలు నిక్షేపంగా ఉన్నాయి, టిష్యూ తడిగా అనిపించినప్పుడు మార్చా అంతే. డబ్బాలో పట్టనివి కడిగి బాగా తుడిచి ఫ్రీజర్‌లో పెట్టా. ఫ్రీజర్ కాయ కాసేపు బయటుంచితే మెత్తగా వేలాడిపోద్ది, గట్టిగా ఉన్నప్పుడే తరిగి పోపులో వేసేయాలి. పులుసులో, చట్నీలో అసలు తేడానే తెలీదు, పెరుగన్నంలో పచ్చిగా కొరుక్కోడానికి మాత్రం పనికిరావు.

తర్వాత ఆదివారం పొట్టికాయలు ఒక కిలో తెచ్చా. వీటికి మాత్రం తొడిమ ఉంచాలి, వేగాక పట్టుకుని తినేది దాన్నే కదా. కడిగి తడి లేకుండా తుడిచి ఒక్కోదానికీ మధ్యలో నిలువుగా గాటు, రెండో వైపుకి తెగకుండా. గాటు ఎందుకంటే మజ్జిగ లోపలికి దిగాలి, పైగా గాటు లేని కాయ నూనెలో టప్పున పేలుద్ది. కిలో కాయలకి గాట్లు పెట్టేసరికి వేళ్ళు మండిపోయాయి, చన్నీళ్ళతో ఎంత కడిగినా తగ్గదే! మిరప ఘాటు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుద్ది. కొబ్బరినూనె రాసి తర్వాత సబ్బుతో కడిగితే కాస్త దారికొచ్చింది. అన్నట్టు ఘాటంతా గింజల్లో ఉందనుకుంటాం గానీ అసలు ఉండేది గింజలు అంటుకునుండే ఆ తెల్ల ఈనెలో.

లీటరు పుల్లపెరుగు చిక్కగా చిలికి, గుప్పెడు కల్లుప్పు, రెండు స్పూన్లు నలిపిన వాము వేసి కాయలు అందులో వేశా. రెండు రోజులు ఊరాక మూడో రోజు పొద్దున కాయలు ప్లేట్లో ఎండకి, మజ్జిగ గిన్నె విడిగా ఎండకి, సాయంత్రం మళ్ళీ అవి అందులోకి. మజ్జిగంతా కాయలే తాగేసేదాకా రోజూ ఇదే డ్యూటీ. మా బాల్కనీలో ఎండ పదకొండు దాకే ఉంటుంది కాబట్టి ఆఫీసుకెళ్ళే ముందు టెర్రస్ మీద పెట్టి పావురాలకి భయపడి పైన పాత చున్నీ కట్టేవాణ్ణి. సరిగ్గా రెండో ఎండకే అకాల వర్షం, రెండ్రోజులు మబ్బు! బూజు పడుద్దని భయమేసి మజ్జిగతో సహా గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేశా, ఎండొచ్చాక మళ్ళీ మొదలు. మజ్జిగ అయిపోయాక ఇంకో నాలుగు ఎండలు పట్టింది, కాయ పాలిపోయి తుంచితే పుటుక్కుమనాలి, వంగితే ఇంకా ఎండలేదన్నట్టే.

ఫస్ట్ వాయి మాడబెట్టేశా. కాగే నూనెలో వేసి గరిట కోసం ఇటు తిరిగేలోపు బొగ్గులే, ఇల్లంతా ఘాటు, పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చి "ఏంటి బాబూ దిష్టి తీస్తున్నారా" అని అడిగింది. రెండో వాయి సన్నమంట మీద నాలుగేసి కాయలే వేసి, గోధుమరంగు తిరగ్గానే తీసేశా, తీశాక కూడా ఇంకొంచెం రంగెక్కుతాయి. ఆ రోజు ముద్దపప్పు, నెయ్యి, ఇవి. ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది గానీ మా ఆవిడ ఆరు తినేసింది.

కిలో కాయలు ఎండితే చిన్న హార్లిక్స్ సీసాడు కూడా రాలేదు.