హెచ్చరిక పుత్రుడు

“దేవుడు నాకు ఏ వరం ఇచ్చాడో తెలియడం లేదు, ప్రార్థన చేయండి.” సంఘంలో ఈ మాట చాలామంది నోట విన్నాను. కొన్నేళ్లు నేనూ ఇదే అడిగాను. పాడదామంటే గొంతు లేదు. వాక్యం చెప్పమంటే ముందు రోజు రాత్రంతా టెన్షన్. కృపావరాల మీద, అంటే సేవ కోసం దేవుడు ఇచ్చే సామర్థ్యాల మీద ప్రసంగం విన్న ప్రతిసారీ, అందరికీ పంచి నా దగ్గరికి వచ్చేసరికి దేవుని చేతిలో ఏమీ మిగల్లేదేమో అనిపించేది.

నా బాధకు జవాబు ఆ పదంలోనే ఉందని చాలా ఆలస్యంగా చూశాను. మన పాత కథల్లో వరం అంటే తపస్సు చేసి సాధించుకునేది. ఎంత కఠినమైన తపస్సయితే అంత పెద్ద వరం. తొలి సంఘాలకు పత్రికలు రాసిన పౌలు వాడిన గ్రీకు మాట ఖరిస్మా. ఖరిస్ అంటే కృప, అందులోంచి పుట్టిన మాట అది. మన బైబిల్లో దాన్ని కృపావరం అన్నారు. వరానికి ముందు కృప వచ్చి నిలబడ్డాక తపస్సుకు ఇక చోటెక్కడిది? ఉపవాసాలుండి ఒక వరాన్ని రాబట్టుకోవాలని నేను పడ్డ ప్రయాసంతా ఆ పాత అర్థంలోనే సాగింది. 1 కొరింథీయులకు 12:11 చూడండి. ఆత్మ “తన చిత్తము చొప్పున ప్రతివానికి ప్రత్యేకముగా” పంచి ఇస్తున్నాడు. ప్రతివానికి అంటే నాకు కూడా.

రోమీయులకు 12వ అధ్యాయంలో పౌలు ఏడు వరాలు చెప్పాడు: ప్రవచనం, పరిచర్య, బోధ, హెచ్చరిక, పంచిపెట్టడం, పైవిచారణ, కరుణ. వీటిలో మైకు అవసరమైనవి ఎన్నో లెక్కపెట్టుకోండి. కరుణించేవాడు సంతోషంతో చేయాలట. మంచం పట్టిన మనిషికి సేవ చేసినవాళ్లకు ఆ మాట బరువు తెలుస్తుంది. మన చేతులు ఎంత బాగా పనిచేసినా, ముఖంలో విసుగు కనిపిస్తే రోగి గుండె ముడుచుకుపోతుంది.

అయితే ఆ ఏడింటిలో నన్ను ఆపిన మాట హెచ్చరిక. “హెచ్చరించువాడైతే హెచ్చరించుటలోను పని కలిగియుందము.” ఈ రోజు హెచ్చరిక అనగానే మనకు ప్రమాదం గుర్తొస్తుంది, గద్దింపు గుర్తొస్తుంది. తప్పు చేసినవాళ్లను నిలదీసేవారికే ఈ వరం ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. అక్కడున్న గ్రీకు మాట పరాక్లేసిస్‌తో ముడిపడింది. పక్కకు పిలవడం, పక్కన నిలిచి ధైర్యం చెప్పడం, బతిమాలి ముందుకు నడిపించడం అన్నీ అందులో ఉన్నాయి. యోహాను 14వ అధ్యాయంలో పరిశుద్ధాత్మను యేసు “ఆదరణకర్త” అన్నాడే, ఆ మాటదీ ఇదే కుటుంబం. ఈ సంగతి తెలిసిన రోజు బైబిలు మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఈ వరం నడిచే తీరు చూడాలంటే బర్నబాను చూడాలి. అతని అసలు పేరు యోసేపు. కుప్రలో (నేటి సైప్రస్ ద్వీపం) పుట్టిన లేవీయుడు. బర్నబా అనే పేరు యేసు పంపిన శిష్యులైన అపొస్తలులు పెట్టారు. దాని అర్థం “హెచ్చరిక పుత్రుడు” అని అపొస్తలుల కార్యములు 4:36 చెబుతుంది. నాకు ఏ వరం ఉందని అతను ఎవరినైనా అడిగినట్టు ఎక్కడా లేదు. అతను పని చేసుకుంటూ పోయాడు, పక్కనున్నవాళ్లు చూశారు, చూసినదాన్నే పేరుగా పెట్టి పిలిచారు.

తర్వాత, అంతవరకు విశ్వాసులను హింసించిన సౌలు, అంటే పౌలే, మారుమనస్సు పొంది యెరూషలేముకు వస్తే, శిష్యులందరూ భయపడ్డారు. అతని చేయి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది బర్నబాయే. అంతియొకయలో యూదులు కాని అన్యజనులు ప్రభువు వైపు తిరుగుతున్నారని విని యెరూషలేము సంఘం ఇతన్నే పంపింది. అక్కడ అతను “దేవుని కృపను చూచి సంతోషించి” అందరినీ హెచ్చరించాడని రాసి ఉంది. ముందు సంతోషం, ఆ తర్వాతే హెచ్చరిక. ఆ సంఘం పెరిగినప్పుడు తానొక్కడే బోధకుడిగా ఉండిపోవచ్చు. కానీ తార్సుకు వెళ్లి సౌలును వెదికి తీసుకొచ్చాడు. ఏడాదిపాటు ఇద్దరూ కలిసి బోధించారు. కొంతకాలానికి లేఖనంలో “బర్నబాయు సౌలును” అనే వరుస మారి పౌలు పేరు ముందుకొచ్చింది. బర్నబా దానికి నొచ్చుకున్నట్టు ఒక్క మాట కూడా లేదు.

నా విషయంలోనూ చెప్పింది వేరొకరే. సంఘంలో ఒక అక్క ఒకరోజు, “కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ ఒంటరిగా కూర్చున్నా నువ్వు వెళ్లి పక్కన కూర్చుంటావు. వాళ్లు మళ్లీ వస్తున్నారు, చూశావా?” అంది. నేను చూడలేదు. నాకది సులువుగా వచ్చే పని, అందుకే ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు. మీకు కష్టం అనిపించకుండా చేసేది, ఎదుటివాళ్లకు మేలు చేసేది ఏదో ఒకసారి వెదకండి. మిమ్మల్ని దగ్గరగా చూసే ఇద్దరిని అడగండి. అద్దంలో కంటే వాళ్ల కళ్లలో బాగా కనిపిస్తుంది.

వరం తెలిశాక “అది నా వరం కాదు” అని మిగతా పనులు తప్పించుకోవడం మాత్రం తగదు. కరుణ, ఇవ్వడం విశ్వాసులందరి పనే. పేతురు మనల్ని “మంచి గృహనిర్వాహకులు” అన్నాడు. ఇంట్లో సరుకు యజమానిదే, వడ్డించే చేయి మాత్రమే మనది.

బర్నబా చేసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మార్కు సంగతి. బర్నబా, పౌలుల మొదటి సువార్త ప్రయాణంలో వెంట వెళ్లిన మార్కు మధ్యలో విడిచి వెళ్లిపోయాడు. రెండోసారి అతన్ని తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. తీవ్రమైన వాదం జరిగి ఇద్దరూ వేరైపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకుని ఓడెక్కి కుప్రకు వెళ్లాడు. అపొస్తలుల కార్యములలో ఆ తర్వాత బర్నబా మళ్లీ కనిపించడు. ఏళ్ల తర్వాత, సంకెళ్లలో ఉన్న పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో మార్కును వెంటబెట్టుకుని రమ్మన్నాడు, అతడు పరిచర్యకు నాకు ప్రయోజనకరమైనవాడు అన్నాడు. ఆ ఉత్తరంలో బర్నబా పేరు లేదు.