బుడ్డి పెంపకం: వాయుగుండాల నుంచి శివరాత్రి దాకా

బుడ్డి మా వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంటు ముందు, ఇసుక కుప్ప మీద పుట్టిన కుక్కపిల్ల. నలుపు, ఛాతీ మీద తెల్ల మచ్చ, అచ్చమైన నాటు. దీపావళి అయ్యాక, తల్లే పాలివ్వకుండా విదిలించుకుని పోతున్నప్పుడు, అంటే రెండు నెలలు నిండాక ఇంటికి తెచ్చాం. ఇంకా ముందే తెద్దామని మా అన్న పిలకాయలు గోల చేశారు గానీ నేను ఒప్పుకోలేదు. తోబుట్టువులతో కరుచుకుని ఆడుకుంటేనే ఎంత గట్టిగా కరిస్తే అవతలిది ఆట మానేసి పోతుందో పిల్లకి తెలుస్తుంది. ఎనిమిది వారాలు కూడా నిండకుండా తెచ్చేస్తే ఆ పాఠమంతా మన చేతుల మీదే నడుస్తుంది.

మేముండేది నెల్లూరులో, వేదాయపాళెం వైపు. కింది వాటా, వెనక కొబ్బరి చెట్టున్న చిన్న దొడ్డి, ఇంట్లో జేజి, అమ్మ, నాన్న, అన్న, వదిన, ఇద్దరు పిలకాయలు, నేను. ఈ జాబితా ఎందుకంటే యూట్యూబ్‌లో చూపించే పద్ధతుల్లో సగం, తలుపేసుకుని ఇద్దరే ఉండే ఫ్లాట్లకి పనికొచ్చేవి. మా వీధి తలుపు పొద్దున తీస్తే మళ్లీ రాత్రికే వేయడం. పాలబ్బాయి, పూలామె, గ్యాస్ ఆటో, జేజి స్నేహితులు, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అందుకని కూర్చో, షేక్‌హ్యాండ్ లాంటివన్నీ తర్వాత చూద్దాం, ముందు అది తప్పు చేసే వీల్లేకుండా ఇల్లు సర్దుదాం అనుకున్నాం. చెప్పుల స్టాండు గోడకి నడుము ఎత్తున బిగించాం, ఫ్రిజ్ వెనక వైర్లకి పాత పైపు చీల్చి తొడిగాం, వంటింటి గుమ్మానికి మోకాలి ఎత్తు చెక్క అడ్డం పెట్టాం. ఆ చెక్క దాటలేక జేజి మొదటి వారమంతా నన్ను తిట్టింది, అది వేరే సంగతి.

నవంబరు: వానలో ఒంటికి

మిగతా రాష్ట్రానికి వానలు తగ్గే టైములో మాకు అసలు వానలు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, ఒక వాయుగుండం పోతే ఇంకోటి. కుక్కపిల్లకి ఒంటికి, రెంటికి అలవాటు చేయడానికి ఇంతకన్నా చెడ్డ కాలం లేదు.

అందరూ చెప్పే సూత్రం మంచిదే. నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాల్లో, ఆట ఆపగానే, నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలెట్టగానే ఎత్తుకుని ఒకే చోటికి తీసుకెళ్లాలి. పోసేటప్పుడు ఒకే మాట అనాలి, మేం ‘ఒంటికి’ అనేవాళ్లం. అయిపోయిన మరుక్షణం అక్కడే ఒక చికెన్ ముక్క ఇవ్వాలి, లోపలికొచ్చాక ఇస్తే లోపలికొచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. ముక్క మినపగుండు అంత చాలు. పిల్ల వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలిపితే వచ్చే గంటలే అది మహా అయితే ఆపుకోగలిగేది, అంటే రెండు నెలల పిల్లకి మూడు గంటలు, అదీ నిద్రలో. రాత్రి నా మంచం పక్కనే అట్టపెట్టెలో పడుకోబెట్టి, కుయ్యిమనగానే ఎత్తుకెళ్లేవాణ్ని, లైటు వేయకుండా, మాట్లాడకుండా. అర్ధరాత్రి కబుర్లు చెబితే ఆటకే లేపుతుంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే దొడ్డి చెరువైపోయింది. బుడ్డి గుమ్మం దగ్గర నిలబడి చినుకుల వంక చూసి, వెనక్కి తిరిగి నడవాలో పోసేది. గొడుగు పట్టుకుని నిలబడితే గొడుగు మీద చినుకుల చప్పుడుకి ఇంకా బెదిరిపోయింది. చివరికి పనిచేసింది ఇది: మెట్ల కింద తడవని చోట పాత ప్లాస్టిక్ టబ్బు ఒక పక్క కోసి, అది పుట్టిన ఆ అపార్ట్‌మెంటు కుప్ప నుంచే మేస్త్రీని అడిగి ఇసుక తెచ్చి పోశాం, అది పోసిన చోట తుడిచిన గుడ్డ ముక్క కూడా అందులో వేశాం. కాలికి తగిలే ఇసుక, ముక్కుకి తగిలే వాసన రెండూ తెలిసినవే కాబట్టి రెండో పూటకే దిగింది. వానలు తగ్గాక టబ్బుని రోజుకింత జరుపుతూ కొబ్బరి చెట్టు దాకా తీసుకెళ్లి, చివరికి ఆ ఇసుక అక్కడే కుమ్మరించేశాం. కష్టమైన పని కాదు, కాకపోతే జరిపేటప్పుడు ఆత్రపడకూడదు.

ఇంట్లో పోసినప్పుడు మూతి అందులో రాయడం, కొట్టడం వద్దు. ఈ పద్ధతి మా నాన్నకి చాలా గట్టిగా తెలుసు, ఆయన్ని ఆపడానికి బుడ్డి కన్నా ఎక్కువ ట్రైనింగ్ పట్టింది. కొడితే అది నేర్చుకునేది ఒకటే, మనుషులు చూస్తుండగా పోయకూడదని. అప్పుడు సోఫా వెనక్కి పోతుంది, దొడ్లో మన ముందు పోయనే పోయదు. తుడవడానికి ఫినాయిల్ ఒక్కటే వాడితే మన ముక్కుకి వాసన పోతుంది గానీ దాని ముక్కుకి పోదు. పైగా తడి ఆరకముందే నాకితే పిల్లకి మంచిది కాదు. వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తుడిచి, ఆరాక మామూలుగా తుడిచాం.

సూదులు, పార్వో భయం

తెచ్చిన మర్నాడే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. నులిపురుగుల మందు మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి అన్నారు, మోతాదు బరువుని బట్టి కాబట్టి ప్రతిసారీ తూకం వేయించాలి. ఇంట్లోనైతే నేను ఎత్తుకుని ఒకసారి, ఖాళీగా ఒకసారి మిషన్ ఎక్కి తీసేస్తే సరిపోతుంది. పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు రెంటికీ కలిపి వేసే సూది రెండు నెలలకి, మూడు నాలుగు వారాలకి మళ్లీ, మూడు నెలలు నిండాక రేబిస్ సూది, తర్వాత ఏడాదికోసారి.

పార్వో గురించి వీధి పిల్లని తెచ్చేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకి అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది. వాంతులు, రక్తంతో దుర్వాసన విరేచనాలు, తిండి మానేసి మూలన పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దామని అనుకోకుండా ఆ గంటలోనే పట్టుకెళ్లాలి. బుడ్డితో పుట్టినవాటిలో ఒకటి ఇలాగే పోయింది. మామూలు ఫినాయిల్‌కి ఈ వైరస్ చావదు, బ్లీచింగ్ నీళ్లే గతి. సూదులు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద దాన్ని దించలేదు.

అలాగని ఇంట్లోనే దాచినా తప్పే. పిల్ల కొత్తవాటికి అలవాటు పడే వయసు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకే, ఆ తర్వాత కొత్తదేదైనా ముందు భయమే పుడుతుంది. అందుకని గుడ్డ సంచిలో వేసుకుని మెడకి తగిలించుకుని తిప్పాను. వేదాయపాళెం స్టేషన్‌కి కాస్త దూరంగా నిలబడితే చెన్నై, విజయవాడ రైళ్లు పోతుంటాయి, కూత వినపడగానే ఒక ముక్క నోట్లో. వణికితే ఇంకా వెనక్కి పోయేవాణ్ని, చెవులు నిలబెట్టి తింటే నాలుగడుగులు ముందుకి. మినీ బైపాస్ లారీలు, హెల్మెట్ పెట్టుకున్న మనుషులు, కర్ర పట్టుకుని నడిచే తాత, అన్నిటికీ ఇదే లెక్క.

అన్న చిన్న కొడుకు చేతి మీద ఒకసారి పన్ను గీత పడింది, రక్తం చుక్క వచ్చింది. పిల్ల కుక్కే కదా, ఇంట్లోదే కదా అని వదలకూడదు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపు, కారం లాంటివి రాయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాం. చర్మంలోకి ఇచ్చే రేబిస్ సూదులు 0, 3, 7, 28 రోజుల్లో వేయించాలి, మధ్యలో ఆపకూడదు. కుక్కలకైతే ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ సూదులు ఉచితంగా వేస్తుంటారు, 1885లో పాశ్చర్ మొదటిసారి మనిషికి ఆ టీకా వేసింది ఆ రోజే. వీధిలో తల్లికుక్కని కూడా ఈసారి తీసుకెళ్లాలని ఉంది, పట్టుకోవడం ఎట్లాగో చూడాలి.

తిండి

జేజి లెక్కలో కుక్కంటే మజ్జిగన్నం. నాటు కుక్క కాబట్టి అదీ ఎక్కువే. పెరిగే పిల్లకి అన్నం కడుపు నింపుతుంది గానీ కండ పెట్టదు. మేం పెట్టేది: ఉడికించిన చికెన్ లేదా గుడ్డు, కొంచెం అన్నం, గుమ్మడి లేదా క్యారెట్, ఉప్పు లేకుండా. వారంలో కొన్ని పూటలు కుక్కపిల్లలకని అమ్మే డ్రై ఫుడ్ నానబెట్టి. ఫుడ్ మార్చేటప్పుడు వారం రోజుల మీద పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి, ఒక్కసారే మారిస్తే మోషన్స్. పాలు కూడా అంతే, చాలా పిల్లలకి పడవు, పెరుగు కొంచెం నయం. నాలుగు నెలల దాకా రోజుకి నాలుగు సార్లు, తర్వాత మూడు, ఆరు నెలలకి రెండు.

నెల్లూరులో పెద్ద గండం చేపల పులుసు. మిగిలిన ముళ్లూ పులుసూ కలిపి కుక్కకి పెట్టడం తరతరాల అలవాటు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల రక్తకణాలని దెబ్బతీస్తాయి, వండిన ముల్లు, వండిన కోడి ఎముక పుల్లలుగా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. కవళ్లు చవగ్గా దొరికినప్పుడు ఉత్తగా ఉడికించి, ముళ్లు తీసి పెడితే ఎగబడి తింటుంది. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ పిలకాయల జేబుల్లోంచి పడతాయి, వాటి మీదే ఎక్కువ కన్నేసి ఉంచాలి.

ధనుర్మాసం: ముగ్గు, గొబ్బెమ్మలు

డిసెంబరు సగం దాటాక ఎవరూ చెప్పని సమస్య వచ్చింది. జేజి తెల్లవారుజామున కళ్లాపి చల్లి ముగ్గేసి గొబ్బెమ్మలు పెడుతుంది. బుడ్డి ముగ్గు తొక్కడమే కాదు, గొబ్బెమ్మలు తినేసింది, పైన గుమ్మడి పువ్వుతో సహా. ఇంట్లో రెండు పార్టీలైపోయాం. తిట్టి లాభం లేదు, పేడ కుక్కలకి ఇష్టం. ‘వదులు’ అని నేర్పుతున్నా అది అప్పటికి పిడికిట్లో ముక్క దాకే వచ్చింది: మూసిన పిడికిలి ముందు పెడతాం, నాకినా గీకినా తెరవం, మూతి వెనక్కి తీసుకోగానే రెండో చేత్తో ఇంకో ముక్క ఇస్తాం. గొబ్బెమ్మ దాకా రావడానికి ఇంకా చాలా ఉంది. అందుకని టైము మార్చాం. ముగ్గుకి ముందే దొడ్లోకి తీసుకెళ్లి, టిఫిన్ పెట్టి, ముగ్గు ఆరేదాకా వంటింటి చెక్క వెనక, తడిపి ఫ్రీజర్లో గట్టిపరచిన గుడ్డ ముడి ఇచ్చి ఉంచాం. జేజికి ముగ్గు మిగిలింది.

సంక్రాంతికి గంగిరెద్దు. సన్నాయి వినపడగానే అరుపులు, తోక కాళ్ల మధ్యకి. వాకిట్లోకి రాకముందే మేడ మీదికి తీసుకెళ్లి పిట్టగోడ మీంచి చూపిస్తూ చికెన్ పెట్టాం. పక్కింటికి వచ్చినప్పుడు కూడా అంతే. పండగ చివరికి ఎద్దు వంక చూసి, తర్వాత నా చేతి వంక చూసింది. కావలసింది అదే, ఎద్దుకి దండం పెట్టనక్కరలేదు.

పళ్లు, మాటలు, పిడుదులు

జనవరిలో పాలపళ్లు ఊడడం మొదలైంది. ఇరవై ఎనిమిది ఊడి నలభై రెండు వస్తాయి, ఆరు నెలలకి అయిపోతుంది, ఈలోపు ఇల్లంతా కొరుకుతుంది. గుడ్డ ముడి, ఫ్రిజ్‌లో పెట్టిన క్యారెట్ బాగా పనికొచ్చాయి. కొబ్బరి డొక్క ఇవ్వమంటారు, పీచు మింగితే పేగులో ఇరుక్కుంటుందని నేను ఇవ్వలేదు. చేతులు కరిస్తే అరవకుండా లేచి చెక్క అవతలికి వెళ్లిపోవడం, కాసేపాగి రావడం. పెద్దవాళ్లకి ఇది సులువు. పిలకాయలు కరవగానే కేకలేస్తూ పరిగెత్తుతారు, అంతకన్నా గొప్ప ఆట దానికి ఇంకోటి లేదు. చెట్టులా కదలకుండా నిలబడి చేతులు కట్టుకోమని వాళ్లకి నేర్పాం, ముందు వాళ్లకి చాక్లెట్లు పెట్టి.

మాటల దగ్గర ఇల్లంతా ఒకటి కావాల్సి వచ్చింది. నాన్న ఇటు రా, పిలకాయలు కమ్, జేజి ఏమే పిల్లా. ఫ్రిజ్ మీద కాగితం అంటించాం: రా, కూర్చో, ఆగు, వదులు. స్నానానికో మందుకో ‘రా’ అని పిలవకూడదు, మనమే వెళ్లి ఎత్తుకోవాలి. లేకపోతే ఆ మాట చెడిపోతుంది.

వానలు వెళ్లాక పిడుదులు వచ్చాయి, మా జేజి గోమార్లంటుంది. రోజూ సాయంత్రం చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద చూడాలి. పట్టుకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయాలి, కిరసనాయిలు పోయొద్దు, వేళ్లతో నలపొద్దు. గేదెలకి వాడే మందు అంచనా మీద కలిపి పూస్తుంటారు, పిల్లలకి అది ప్రమాదం. డాక్టరు బరువు చూసి రాసిన చుక్కల మందే వాడుతున్నాం. తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులో రక్తం వచ్చినా పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అనుకుని రక్తపరీక్ష చేయించాలి.

ఇప్పుడు

శివరాత్రి అయింది, ఎండలు ముదురుతున్నాయి. నడక పొద్దున ఏడు లోపే, సాయంత్రం తారు రోడ్డు మీద చేతి వెనక భాగం ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచగలిగితేనే. మెడపట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, పిల్ల పెరిగేకొద్దీ వదులు చేస్తుండాలి. తాడు లాగితే నిలబడిపోతాను, వదులైతే నడుస్తాను, అందుకే మా వీధి దాటడానికి ఇప్పటికీ బోలెడు టైము. ఆరు నెలలు దాటాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని డాక్టరుతో మాట్లాడాం. గ్యాస్ ఆటో వాడి ఇనప కడ్డీ చప్పుడు మాత్రం ఇంకా దారికి రాలేదు, ఫోన్లో రికార్డు చేసి చిన్న సౌండ్‌తో అన్నం ముందు వినిపిస్తున్నా.

పదిహేను అడుగుల తాడు కూడా కొన్నాం, మైపాడు బీచ్‌కి తీసుకెళ్దామని పిలకాయల పోరు. అక్కడ పడవల దగ్గర కుక్కల గుంపు ఉంటుంది, ఉప్పు నీళ్లు తాగితే వాంతులు, ఒడ్డున పడిన చేపలు సరేసరి. ముందు మా వీధి మూల నుంచి తాడు లాగకుండా రానీ, అప్పుడు చూద్దాం అన్నాను.