“చెప్పానండీ” అంటే కోర్టులో చాలదు

కెనడాలోని ఒంటారియోలో పారాలీగల్‌గా, అంటే లాయరు కాకపోయినా కొన్ని రకాల కేసులు వాదించే లైసెన్సు ఉన్న మనిషిగా, నేను వాదించేవి ప్రావిన్షియల్ అఫెన్సెస్ కోర్టు (క్రిమినల్ నేరాలు కాని ప్రావిన్సు చట్టాల ఉల్లంఘనలు విచారించే కోర్టు) కేసులు. స్పీడింగ్ టికెట్లూ వస్తాయి. నాకు నిద్ర పట్టనివ్వనివి మాత్రం పని భద్రత కేసులు.

ఆ మధ్య ఒక రూఫింగ్ సూపర్‌వైజర్ సమన్లు పట్టుకుని వచ్చారు. మూడు మీటర్లకు పైన పనివాడు హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) లేకుండా ఇన్‌స్పెక్టర్ కంట పడ్డాడు. “నేను చెప్పానండీ, వాడే తీసేశాడు” అన్నారు. చేతులు వణుకుతున్నాయి. ఒంటారియో పని భద్రత చట్టంలో వ్యక్తికి జరిమానా 5,00,000 డాలర్ల దాకా ఉండొచ్చు, జైలు కూడా.

ఇలాంటి కేసుల్లో నిందితుడికి తప్పు చేయాలన్న ఉద్దేశం ఉందని ప్రాసిక్యూటర్ నిరూపించక్కర్లేదు. తప్పు జరిగిందని తేలితే, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని చూపించాల్సింది మనమే. కెనడా సుప్రీం కోర్టు 1978లో సూ సెయింట్ మరీ నగరం కేసులో వేసిన దారి ఇది. నాకు ఇది న్యాయంగానే అనిపిస్తుంది; పైకప్పు మీంచి పడేవాడు కూడా ఒక ఇంటి మనిషే కదా.

అందుకే ఆయన్ని కాగితాలు అడిగాను. శిక్షణ రికార్డులు, పొద్దున్నే జరిగే భద్రతా మీటింగ్‌లో పనివాళ్ల సంతకాలు, హార్నెస్ కొన్న రసీదులు, ఇంతకుముందు అదే పనివాడికిచ్చిన హెచ్చరిక. మూడు దొరికాయి. హెచ్చరిక మాత్రం నోటిమాటే. ఈ కేసులు విచారించే జస్టిస్ ఆఫ్ ద పీస్ ముందు నన్ను ఇబ్బంది పెట్టబోయేది ఆ నాలుగోదే. ఆ హెచ్చరిక ఇచ్చిన రోజు అక్కడున్న ఇంకో పనివాడిని సాక్షిగా రమ్మని అడిగాం. వస్తానన్నాడు.